శత్రువు శవానికి స్నానం
(హోమర్ కావ్యాల్లో హింస గురించి)

పత్రికాఫీసులో రాత్రి డ్యూటీలు చేసినవాళ్లకు ఒక అలవాటు ఒంటబడుతుంది. ఎక్కడ ఏ ఘోరం జరిగినా ముందు అడిగే ప్రశ్న 'ఎంతమంది?' అని. 'ఎవరు?' అన్నది తర్వాత. చాలాసార్లు ఆ తర్వాత రానే రాదు. అంకె పెరిగితే వార్త మొదటి పేజీకి ఎక్కుతుంది, తగ్గితే లోపలి పేజీకి పోతుంది. ఉర్దూలో వచ్చిన వార్తను తెలుగులోకీ, తెలుగులో వచ్చినదాన్ని ఉర్దూలోకీ దించుతూ ఏళ్ల తరబడి నేను చేసింది ఈ పనే. అంకెలు రెండు భాషల్లోనూ ఒకటే. వాటిని అనువదించక్కర్లేదు.

ఈ అలవాటు మీద నాకు మొదటిసారి సిగ్గు కలిగించిన పుస్తకం ఇలియడ్. రెండువేల ఏడువందల ఏళ్ల కిందటి యుద్ధ కావ్యం చదివి సిగ్గుపడ్డానంటే కొందరికి నవ్వు రావచ్చు. యుద్ధాన్ని పొగిడే కావ్యం కదా అది, వీరుల గాథ కదా అంటారు. అవునా? ఆ ప్రశ్న వేసుకోవడానికే ఈ వ్యాసం.

ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో గ్రీసు దేశం యూనాన్. అరస్తూ, అఫ్లాతూన్, జాలీనూస్, సికందర్ మాకు ఇంట్లో మనుషుల్లాంటి పేర్లు. యూనానీ దవాఖానా తెలియని వీధి ఉండదు. కానీ ఆ పేర్ల మధ్య హోమర్ లేడు. కారణం ఉంది. అబ్బాసీల కాలంలో బాగ్దాదు అనువాదకులు గ్రీకు వైద్యాన్నీ తర్కాన్నీ గణితాన్నీ అరబ్బీలోకి తెచ్చుకున్నారు, హోమర్‌ని తెచ్చుకోలేదు. ఇలియడ్ మొత్తం అరబ్బీ పద్యంలోకి రావడానికి 1904 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పని చేసినవాడు లెబనాన్‌కు చెందిన సులేమాన్ అల్ బుస్తానీ. అలా మాకు యూనాన్ తెలుసు కానీ యూనాన్ కవి తెలియదు. నాకు అతను బి.ఏ. క్లాసులో ఇంగ్లీషు దారిన వచ్చాడు. అక్కడ విన్నది హెలెన్ అందం, కొయ్యగుర్రం, అకిలీస్ మడమ. పుస్తకం తెరిచి చూస్తే ఇలియడ్‌లో కొయ్యగుర్రం లేదు. మడమ కథ లేదు. అకిలీస్ చావు లేదు. ట్రాయ్ పతనం కూడా లేదు. మరి ఏముంది?

పదేళ్ల యుద్ధంలో చివరి ఏడాది ఉంది. అందులోనూ కొన్ని వారాలే ఉన్నాయి. 24 సర్గలు, సుమారు 15,700 పాదాలు. మొదటి మాటే 'కోపం'. చివర ఒక అంత్యక్రియ. అదీ గ్రీకు వీరుడిది కాదు, ట్రాయ్ వీరుడు హెక్టర్‌ది. ఒక జాతి తన గొప్ప కావ్యాన్ని శత్రువు అంత్యక్రియతో ముగించుకుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని మిగతా కావ్యంలోకి వెళ్దాం.

* * *

ఇలియడ్‌లో హింస లేదని ఎవరూ అనలేరు. ఈటె ఎక్కడ దిగిందో, ఏ పన్ను విరిగిందో, ఏ పేగు బయటపడిందో కవి దాచడు. ఒకడి కళ్లు ఊడి మట్టిలో పడతాయి. ఒకడి తల మాట్లాడుతుండగానే తెగిపడుతుంది. ఇదంతా యుద్ధం మీద అసహ్యం పుట్టించడానికే రాశాడని అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. హెక్టర్ రథం తోలే సెబ్రియోనిస్ రాయి దెబ్బకు తలకిందులుగా పడిపోతే, కొట్టిన పాట్రోక్లస్ 'ఎంత బాగా మునక వేశాడో, సముద్రంలో అయితే గుల్లలు ఏరుకొచ్చేవాడు' అన్న ధోరణిలో వెటకారం చేస్తాడు. ఈ ఘట్టం పాడినప్పుడు విన్నవాళ్లు నవ్వే ఉంటారు. చంపడంలో ఉన్న సరదా హోమర్‌కు తెలుసు. తెలియనట్టు నటించడు. అతన్ని శాంతివాదిని చెయ్యబోయేవాళ్లు ముందు ఈ పాదాలకు సమాధానం చెప్పుకోవాలి.

కానీ అదే కవి ఇంకొక పని కూడా చేస్తాడు. చచ్చేవాడికి పేరు పెడతాడు.

నాలుగో సర్గలో పోరు మొదలైన కాసేపటికే ఏజాక్స్ చేతిలో ఒక కుర్రాడు చస్తాడు. పేరు సిమోయిసియస్. ట్రాయ్ వాడు. కథలో అంతకుముందు వాడు లేడు, ఆ తర్వాత ఉండడు. కానీ చచ్చే క్షణంలో కవి ఆగుతాడు. వీళ్లమ్మ తల్లిదండ్రులతో కలిసి గొర్రెల మందను చూడ్డానికి కొండ మీదికి వెళ్లి దిగి వస్తుండగా సిమోయిస్ నది ఒడ్డున వీణ్ని కన్నది, అందుకే ఆ పేరు పెట్టారు అని చెబుతాడు. పెంచిన రుణం తీర్చుకోకుండానే పోయాడు అంటాడు. నీటి పక్కన ఏపుగా పెరిగిన చెట్టును రథాలు చేసే వడ్రంగి నరికి ఏటి గట్టున ఆరబెట్టినట్టు పడి ఉన్నాడు అంటాడు. అంతే, మళ్లీ పోరు.

ఆరో సర్గలో ఆక్సిలస్ అనే అతను చస్తాడు. దారి పక్కనే ఇల్లు. వచ్చేపోయే వాళ్లందరికీ అన్నం పెట్టి ఆశ్రయమిచ్చినవాడు. డయోమెడిస్ ఈటె వస్తున్నప్పుడు, తిన్నవాళ్లలో ఒక్కడూ వచ్చి అతని ముందు నిలబడలేదంటాడు కవి. ఒక్క మాట ఎక్కువ లేదు. జాలి పడమని మనకు చెప్పడు. పదకొండో సర్గలో ఇఫిడామస్. కొత్తగా పెళ్లయినవాడు. కన్యాశుల్కంగా నూరు ఆవులు ఇచ్చాడు, వెయ్యి మేకలూ గొర్రెలూ ఇస్తానని మాటిచ్చాడు. పెళ్లాంతో సుఖపడకుండానే ఆగమెమ్నాన్ చేతిలో పోయాడు.

ఇలా పేరు పెట్టి చెప్పిన చావులు కావ్యంలో రెండువందలు దాటతాయి. వాటిలో ఎక్కువ భాగం ట్రాయ్ వాళ్లవీ వాళ్ల మిత్రులవీ. కవి గ్రీకువాడు, వింటున్నవాళ్లు గ్రీకులు. చస్తున్నవాళ్లు అవతలివాళ్లు. ఆ అవతలివాడికే అమ్మ ఉంది, ఊరు ఉంది, కొత్త పెళ్లాం ఉంది. చంపినవాడి గొప్ప చెప్పడానికే చచ్చినవాడి వంశం చెబుతారనే వాదన ఒకటుంది. కొంత నిజమే. కానీ అది గొప్ప కోసమే అయితే వాళ్ల నాన్న బలం చెబితే చాలు. ఏటి ఒడ్డున ప్రసవం సంగతి ఎందుకు? అన్నం తిని పోయినవాళ్ల సంగతి ఎందుకు?

ఇక్కడ నాకొక అభ్యంతరం కూడా ఉంది, చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ మనుషులకు పేరు వచ్చింది చచ్చేటప్పుడే. సిమోయిసియస్ బతికున్నంతసేపూ గుంపులో ఒకడు. ఈటె దిగాక గానీ వాడికి జీవితచరిత్ర రాలేదు. చస్తేనే పేపర్లో పేరు పడే మనుషులు ఎవరో మనకు తెలుసు. పైగా పేరు దక్కినవాళ్లు కూడా చాలావరకు కులీనులే, రథాలున్నవాళ్లే. వాళ్ల వెనక నడిచి చచ్చిన వేలమంది కాల్బలం పేరు లేకుండానే మట్టిలో కలిసింది. హోమర్ జాలికి కూడా ఒక గిరి ఉంది.

ఆ గిరి రెండో సర్గలోనే కనిపిస్తుంది. థెర్సైటిస్ అనే మామూలు సైనికుడు లేచి ఆగమెమ్నాన్‌ను నిలదీస్తాడు. మేం గెలిచి తెచ్చిన బంగారం, ఆడవాళ్లు నీ గుడారంలో నిండి ఉన్నారు, ఇంకా ఏం కావాలి, పదండి ఇళ్లకు పోదాం అన్నదే అతని మాటల సారం. కొంచెం ముందు అకిలీస్ అన్నదీ దాదాపు ఇదే. అకిలీస్ అంటే అది వీరుడి ఆగ్రహమైంది. థెర్సైటిస్ అంటే ఒడిస్యూస్ రాజదండంతో వీపు మీద కొట్టాడు. నెత్తురు కట్టి వాచింది. ఏడ్చాడు. సైన్యమంతా నవ్వింది. అతనికి గూని, కుంటికాలు, వంకర తల అని కవి ముందే వర్ణించి పెట్టాడు. తండ్రి పేరు చెప్పలేదు. ప్రశ్నించేవాణ్ని ముందు అనాకారిని చేసి ఆ తర్వాత కొట్టడం ఎంత పాత పద్ధతో చూడండి. అయితే అతని ప్రసంగాన్ని కవి మింగెయ్యలేదు. పూర్తిగా వినిపించాడు. అందువల్లే ఇవాళ మనం థెర్సైటిస్ పక్షాన వాదించగలుగుతున్నాం.

* * *

ఇలియడ్ యుద్ధరంగంలో ప్రాణభిక్ష అడిగినవాడు ఒక్కడూ బతకడు. అడ్రాస్టస్ మోకాళ్లు పట్టుకుంటే మెనలేయస్ మెత్తబడతాడు. అన్న ఆగమెమ్నాన్ పరుగెత్తుకొచ్చి, ట్రాయ్ వాళ్లలో తల్లి కడుపులో ఉన్న మగపిండం కూడా మిగలగూడదని చెప్పి తనే పొడిచేస్తాడు. కడుపులో బిడ్డను కూడా శత్రువుగా చూసిన మాట కావ్యంలో ఇదే. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఆ మాట ఎన్ని భాషల్లో వినబడిందో చెప్పక్కర్లేదు.

ఈ ఘట్టాలన్నిటికీ శిఖరం ఇరవయ్యొకటో సర్గలో లైకేయన్ చావు. అతను ప్రియమ్ కొడుకు. ఇంతకుముందు ఒకసారి అకిలీస్‌కే దొరికాడు. అప్పుడు అకిలీస్ చంపలేదు, లెమ్నోస్ దీవిలో అమ్మేశాడు. ఒక స్నేహితుడు డబ్బు కట్టి విడిపించాడు. ఇంటికొచ్చి పదకొండు రోజులు తనవాళ్లతో గడిపాడు. పన్నెండో రోజు మళ్లీ అకిలీస్ ఎదురుపడ్డాడు. ఈసారి ఆయుధం కూడా లేదు. ఒక చేత్తో మోకాళ్లు, ఇంకో చేత్తో ఈటె పట్టుకుని బతిమాలాడు. అకిలీస్ అతన్ని 'మిత్రమా' అని పిలుస్తాడు. నువ్వూ చావు, ఎందుకిలా ఏడుస్తావు, నీకన్నా ఎంతో మెరుగైన పాట్రోక్లస్ పోయాడు, ఏదో ఒక పొద్దున నేనూ పోతాను అంటాడు. ఆ మాటతో లైకేయన్ ఈటె వదిలేసి చేతులు చాచి కూలబడతాడు. కత్తి దిగుతుంది. శవాన్ని నదిలో విసిరి, మీ అమ్మ నిన్ను పాడె మీద పెట్టుకుని ఏడవదు, చేపలు తింటాయి అంటాడు.

ఇదే మనిషి పాట్రోక్లస్ చావకముందు బందీలను అమ్మేవాడు, విడిచిపెట్టేవాడు. ఆండ్రొమకి తండ్రిని చంపినప్పుడు కూడా కవచం ఒలుచుకోలేదు. కవచంతోనే దహనం చేసి గోరీ కట్టాడు. అంటే చంపడంలో ఒక హద్దు ఉండేది. దుఃఖం ఆ హద్దును చెరిపేసింది. వియత్నాం యుద్ధంలో పాల్గొన్న అమెరికన్ సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే మానసిక వైద్యుడు 1994లో అకిలీస్ గురించి ఒక పుస్తకం రాశాడు. పైవాడు చేసిన అన్యాయం, పక్కనున్న నేస్తం చావు, ఆ తర్వాత అదుపు తప్పిన ఉన్మాదం. తన దగ్గరికొచ్చినవాళ్ల కథలోనూ అకిలీస్ కథలోనూ వరుస ఒకటేనని చూపించాడు. వివరణగా అది మంచిదే. కానీ వివరణ క్షమాపణ కాదు. చంపినవాడి మనసు గాయపడిందని చెప్పే పుస్తకాలు చాలా వస్తాయి. లైకేయన్ ఇంట్లో గడిపిన ఆ పదకొండు రోజుల గురించి ఎవరు రాస్తారు? హోమర్ రాశాడు. ఒక్క పాదంలోనే అయినా రాశాడు.

ఆ తర్వాత హెక్టర్. ఇద్దరూ గోడ చుట్టూ పరుగెడుతూ ఊటబావుల పక్కనున్న రాతి తొట్ల మీదుగా పోతారు. యుద్ధం రాకముందు ట్రాయ్ ఆడవాళ్లు అక్కడ బట్టలు ఉతుక్కునేవాళ్లని కవి చెబుతాడు. ఇద్దరిలో ఒకడు చావబోతుంటే బట్టలుతికే చోటు ఎందుకు? శాంతి అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి గుర్తు అతనికి దొరకలేదు. హెక్టర్ చచ్చాక గ్రీకులు ఒక్కొక్కరే వచ్చి శవాన్ని పొడుస్తారు. బతికుండగా దగ్గరికి రాలేనివాళ్లు, ఇప్పుడు మెత్తబడ్డాడని నవ్వుకుంటూ పొడుస్తారు. గుంపు హింస ఇంత కచ్చితంగా పట్టుబడ్డ చోటు నాకు ఇంకొకటి తెలియదు. అకిలీస్ మడమల దగ్గర చీలమండలకు తూట్లు పొడిచి తోలుపట్టీలు దూర్చి శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. అదే సమయానికి ఇంట్లో ఆండ్రొమకి మగ్గం ముందు కూర్చుని, మొగుడొస్తే స్నానానికి నీళ్లు కాచమని పనివాళ్లకు చెబుతోంది.

ఆ వేన్నీళ్లను గుర్తుంచుకోండి.

* * *

ఇరవైమూడో సర్గలో పాట్రోక్లస్ చితి మీద పన్నెండుమంది ట్రాయ్ యువకులను అకిలీస్ నరికి వేస్తాడు. తన ఇష్టంగా చేసిన ఈ పనిని చెడ్డ పని అన్నట్టు కవి మాట్లాడతాడు. వాళ్ల పేర్లు మాత్రం చెప్పడు. అంత జరిగినా అకిలీస్ దుఃఖం తీరదు. రోజూ పొద్దున్నే హెక్టర్ శవాన్ని సమాధి చుట్టూ ఈడుస్తాడు. పగకు అంతు లేదని చెప్పడానికి కవి ఉపన్యాసం ఇవ్వలేదు, ఆ రోజువారీ ఈడ్పును చూపించాడు. చచ్చినవాణ్ని మళ్లీ చంపలేరు. అందుకే పగ శవం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడొస్తాడు ప్రియమ్. ముసలి రాజు, రాత్రిపూట, శత్రు శిబిరంలోకి. తన కొడుకులను చంపిన చేతులను ముద్దుపెట్టుకుంటాడు. నీ తండ్రిని తలచుకో అంటాడు. ఇద్దరూ ఏడుస్తారు. ప్రియమ్ హెక్టర్ కోసం ఏడుస్తాడు. అకిలీస్ తన తండ్రి కోసం కాసేపు, పాట్రోక్లస్ కోసం కాసేపు ఏడుస్తాడు. ఒకరి కోసం ఒకరు ఏడవడం లేదు, గమనించండి. ఎవరి దుఃఖం వాళ్లది. కానీ ఒకే గుడారంలో, ఒకేసారి. దీన్ని రాజీ అనలేం. క్షమ అని కూడా అనలేం. ప్రియమ్ ఒక మాట తొందరపడి అన్నందుకే అకిలీస్ కళ్లెర్రజేసి, ఎక్కువ మాట్లాడితే నిన్ను కూడా చంపుతానేమో అని బెదిరిస్తాడు. సింహం అలాగే ఉంది. గోళ్లు మాత్రం కాసేపు ముడుచుకుంది.

ఆ తర్వాత జరిగిందే నాకు మొత్తం కావ్యంలో ముఖ్యమైన ఘట్టం. అకిలీస్ దాసీలను పిలిచి హెక్టర్ శవానికి స్నానం చేయించి నూనె రాయమంటాడు. ప్రియమ్‌కు కనబడని చోట చెయ్యమంటాడు. కొడుకును ఆ స్థితిలో చూస్తే తండ్రికి కోపమొస్తుంది, ఆయన కోపం చూసి తనకు కోపమొస్తుంది, అప్పుడేమవుతుందో తనకే తెలియదు. తన మీద తనకు నమ్మకం లేనివాడు చేసుకున్న ఏర్పాటు అది. శవాన్ని విడిపించడానికి ప్రియమ్ తెచ్చిన బట్టల్లోంచే రెండు పై బట్టలూ ఒక అంగీ పక్కన పెట్టించి కప్పిస్తాడు. తనే స్వయంగా ఎత్తి పాడె మీద పడుకోబెడతాడు. గుసుల్, కఫన్ అంటే ఏమిటో తెలిసిన ఇళ్లల్లో ఈ ఘట్టానికి టీకా అక్కర్లేదు. ఆండ్రొమకి కాయించిన వేన్నీళ్లు వృథా అయ్యాయి. హెక్టర్‌కు స్నానం దొరికింది చంపినవాడి గుడారంలో.

అంత్యక్రియలకు ఎన్నాళ్లు కావాలని అకిలీస్ అడుగుతాడు. పదకొండు రోజులు, పన్నెండో రోజు తప్పదంటే యుద్ధం అంటాడు ప్రియమ్. సరే అంటాడు అకిలీస్. లైకేయన్‌కు ఇంట్లో దొరికింది పదకొండు రోజులే, హెక్టర్ దినాలకు దొరికిందీ పదకొండు రోజులే. కావ్యం ఇంతకన్నా పెద్ద శాంతిని ఇవ్వదు. ఆండ్రొమకి శోకంలో పసివాణ్ని బురుజు మీంచి విసిరేస్తారేమో అన్న భయం ఉంది. వింటున్న గ్రీకులకు అది నిజమైందని తెలుసు.

1994 ఆగస్టు 31న ఉత్తర ఐర్లండ్‌లో ఐ.ఆర్.ఏ. కాల్పుల విరమణ ప్రకటించినప్పుడు మైకేల్ లాంగ్లీ అనే కవి ఈ ఘట్టాన్నే తీసుకుని చిన్న కవిత రాసి పత్రికకిచ్చాడు. చచ్చినవాళ్ల ఇళ్లవాళ్లకు అది మింగుడుపడని కవిత కూడా. చంపినవాడి చెయ్యి ముద్దుపెట్టుకోమని బాధితుణ్ని అడిగే హక్కు ఎవరికుంది? ఎవరికీ లేదు. ప్రియమ్ తనంతట తను వెళ్లాడు. ఆ తేడా చెరిపేసి సామరస్యం బోధించేవాళ్లు ఇలియడ్‌ను సగమే చదివినట్టు.

* * *

ఈ కావ్యంలో ఇంకో సంగతి నన్ను చాలాకాలం ఆశ్చర్యపరిచింది. ట్రాయ్ వాళ్లు, గ్రీకులు ఒకే దేవుళ్లను మొక్కుతారు, దుబాసీ లేకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ట్రాయ్ పక్షాన పరభాషల మిత్రులున్నారు గానీ, ట్రాయ్ వాళ్లు 'పరాయి జాతి' కాదు. హోమర్ 'బార్బేరియన్లు' అనే మాటను విడి జాతిపేరుగా వాడలేదని, గ్రీకులు తమకంటూ ఒక ఉమ్మడి పేరు అప్పటికి పెట్టుకోకపోవడమే దానికి కారణమని చరిత్రకారుడు థుసిడిడిస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గమనించాడు. పర్షియాతో యుద్ధాలు ముగిశాక గానీ 'మేము గ్రీకులం, వాళ్లు అనాగరికులు' అనే భావన బలపడలేదు. ఆ తర్వాతి బొమ్మల్లో, నాటకాల్లో ట్రాయ్ వాళ్లు పర్షియన్ వేషాలు తొడుక్కున్నారు. అంటే శత్రువుకు పరాయి వేషం తర్వాత కుట్టిందే. మూలకావ్యంలో అది లేదు. అస్తిత్వాల గురించి మాట్లాడుకునే మనం ఈ చిన్న చరిత్రను మరవకూడదు. 'వాళ్లు' అనే మాట పుట్టుకకు ఒక తేదీ ఉంటుంది, ఒక అవసరం ఉంటుంది.

ఇక ఆడవాళ్లు. బ్రిసీస్ మొగుణ్నీ ముగ్గురు అన్నదమ్ములనూ చంపి ఆమెను తెచ్చుకున్నాడు అకిలీస్. పాట్రోక్లస్ శవం మీద పడి ఆమె ఏడుస్తుంటే చుట్టూ ఉన్న బందీ స్త్రీలంతా ఏడుస్తారు. పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి కష్టానికి వాళ్లు అంటాడు కవి. యజమాని శవం మీద మాత్రమే బానిస తన ఏడుపు ఏడవగలదు. ఇంతటి సత్యం కనిపెట్టిన సంప్రదాయమే ఒడిస్సీలో ఏం చేసిందో చూడండి. ఇల్లు చేరిన ఒడిస్యూస్ 108 మంది పెళ్లికొడుకులను చంపుతాడు. చచ్చినవాళ్ల మీద ఉత్సాహపడటం పాపమని ముసలి దాది యూరిక్లియాను మందలిస్తాడు కూడా. ఆ వెంటనే, పెళ్లికొడుకులతో పడుకున్నారన్న నేరం మీద పన్నెండుమంది బానిస స్త్రీలతో శవాలు మోయించి, నెత్తురు కడిగించి, ఆ తర్వాత చంపిస్తాడు. కొడుకు టెలిమాకస్ వాళ్లను ఓడతాడుతో వరసగా ఉరితీస్తాడు. వలలో పడ్డ పిట్టల్లా కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయంటాడు కవి. కాదనే హక్కే లేనివాళ్లకు ఒప్పుకున్నారని శిక్ష! ఇంగ్లీషు అనువాదకులు చాలామంది మూలంలో లేని బూతు మాటలు కూడా వాళ్ల మీద వేశారు. 2017లో ఒడిస్సీని అనువదించిన ఎమిలీ విల్సన్ ఆ సంగతి ఎత్తిచూపింది. అంటే వాళ్ల మీద అనువాదాల్లోనూ హింస జరిగింది. రెండు భాషల మధ్య బతికే నాబోటివాళ్లు జ్ఞాపకం పెట్టుకోవాల్సిన పాఠం ఇది.

అదే ఒడిస్సీ ఎనిమిదో సర్గలో ఒక పోలిక ఉంది. గాయకుడు ట్రాయ్ పతనం పాడుతుంటే ఒడిస్యూస్ ఏడుస్తాడు. ఎలా ఏడుస్తాడు? ఊరి ముందు చచ్చిపడిన మొగుడి మీద పడి ఏడుస్తుంటే, వెనక నుంచి సైనికులు ఈటెలతో పొడుస్తూ బానిసత్వానికి ఈడ్చుకుపోతున్న ఆడదానిలా. ఆ ఆడదాన్ని ఆ స్థితికి తెచ్చింది ఒడిస్యూసే. గెలిచినవాడి కన్నీళ్లకు ఓడినవాళ్ల కన్నీళ్లు తప్ప వేరే పోలిక దొరకలేదు.

* * *

కావ్యం ఎంత గొప్పదైనా చదివేవాడి చేతిలో పడక తప్పదు. ప్లేటోకు ఈ కావ్యమంటే భయం. తన ఆదర్శ రాజ్యంలో అకిలీస్ హెక్టర్‌ను ఈడ్చిన సంగతి, బందీలను చంపిన సంగతి పిల్లలకు చెప్పనివ్వనన్నాడు. వీరుల ఏడుపులు కూడా తీసెయ్యమన్నాడు. హింసా వద్దు, శోకమూ వద్దు. ఆ రెండూ తీసేస్తే ఇలియడ్‌లో మిగిలేది ఆయుధాల జాబితా!

అలెగ్జాండర్‌కు భయం లేదు, ప్రేమ. ఇలియడ్‌ను కత్తితో పాటు తలగడ కింద పెట్టుకునేవాడని ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 332లో గాజా నగరాన్ని ముట్టడించి పట్టుకున్నాక, దాన్ని కాపాడిన సేనాని బేటిస్ చీలమండలకు పట్టీలు దూర్చి, ప్రాణం ఉండగానే రథానికి కట్టి ఊరి చుట్టూ ఈడ్పించాడని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. అకిలీస్ వారసుణ్నని గర్వపడ్డాడట. ఈ ఉదంతాన్ని ఏరియన్ చెప్పలేదు, అనుమానించే పండితులున్నారు. ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మడం మాత్రం ఏరియన్ చెప్పాడు. ఉదంతం కల్పితమే అనుకున్నా అందులో ఒక నిజం ఉంది. ఇరవైరెండో సర్గ దాకా చదివి ఇరవైనాలుగోది చదవని పాఠకుడు ఎలా ఉంటాడో ఆ కల్పనకు తెలుసు.

1940లో ఇంకో పాఠకురాలు. సిమోన్ వే. యూదు కుటుంబంలో పుట్టిన ఫ్రెంచి తత్త్వవేత్త. ఆ ఏడు అక్టోబరులో విషీ ప్రభుత్వం యూదుల మీద శాసనం తెచ్చింది. డిసెంబరులో, ఆ మరుసటి జనవరిలో ఆమె ఇలియడ్ వ్యాసం మార్సేల్ పత్రికలో అచ్చయింది, తన పేరుతో కాదు, అక్షరాలు తారుమారు చేసిన మారుపేరుతో. చచ్చినవాళ్లకు పేర్లు పెట్టిన కావ్యం గురించి రాయడానికి ఆమె తన పేరు దాచుకోవలసి వచ్చింది. బలం అనేది ఎవరి మీద పడితే వాణ్ని వస్తువు చేస్తుంది, ప్రయోగించేవాణ్ని కూడా వదలదు అన్నది ఆమె వాదం. అంత లోతుగా చదివినవాళ్లు అరుదు. అయినా ఒక్క చోట నేను ఆమెతో విభేదిస్తాను. చంపడంలోని సరదాను ఆమె చూడదలచుకోలేదు. ఇంకొకటి, బలం మనిషిని వస్తువు చేస్తుంది నిజమే, కానీ సరిగ్గా ఆ క్షణంలోనే కవి వాణ్ని మనిషిని చేస్తున్నాడు. ఈటె వస్తువును చేస్తుంటే పాట మనిషిని చేస్తోంది. ఆ పెనుగులాటే ఇలియడ్.

చివరగా ఒక సంగతి. హోమర్ కావ్యాలు నోటి పాటల సంప్రదాయం నుంచి వచ్చాయని రుజువు చెయ్యడానికి మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు 1933-35 మధ్య యుగోస్లావియా వెళ్లి గాయకుల పాటలు రికార్డు చేశాడు. అందరిలోకీ మేటి అవ్దో మెజెదోవిచ్. ఇప్పటి మాంటెనెగ్రోలో ఉన్న బియెలో పోల్యే వాడు. ముస్లిం. కసాయి వృత్తి. చదవడం రాయడం రాదు. 1935లో పన్నెండువేల పాదాలకు పైగా ఉన్న కావ్యాన్ని నోటితో చెప్పి రాయించాడు. ప్రపంచ సాహిత్యంలో మొదటి మహాకవి ఎలా పాడి ఉంటాడో చదువురాని ఒక ముస్లిం కసాయి నోట విని పండితులు తెలుసుకున్నారు. ఇది చెప్పుకుని మనం పొంగిపోనక్కర్లేదు. అవ్దో పాటల్లోనూ శత్రువుల తలలు తెగిపడతాయి. ఈసారి అవతలివాళ్లు క్రైస్తవులు.

ఆ ప్రాంతాల్లోనే, 1992లో, బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్ గుస్లె వాద్యం పట్టుకుని వీరగాథ పాడుతూ డాక్యుమెంటరీ కెమెరా ముందు కూర్చున్నాడు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిదివేలమందికి పైగా ముస్లిం మగవాళ్లనూ మగపిల్లలనూ చంపారు. ఆధారాలు దొరక్కుండా గోతులు తవ్వి శవాలను యంత్రాలతో వేరేచోట్లకు తరలించారు. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. మరణం తర్వాత కూడా ఈడ్చడం అంటే ఇదే. జాతిహత్య నేరం మీద కరాజిచ్‌కు 2016లో శిక్ష పడింది. 2019లో అది యావజ్జీవమైంది. ఏటా జూలై 11న పొటోచారిలో, ఆ ఏడు గుర్తుపట్టిన ఎముకలకు జనాజా నమాజు చేసి ఖననం చేస్తున్నారు. రాతి మీద పేర్లున్నాయి. తండ్రి పేరుతో సహా.

అదే గుస్లె అవ్దో పక్కనా ఉంది, కరాజిచ్ చేతిలోనూ ఉంది. వీరగాథ హింసను పుట్టిస్తుందా, ఆపుతుందా అని అడిగితే నా దగ్గర ఒక్క జవాబు లేదు. పాట ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. శత్రువు శవాన్ని ఈడ్చేచోట ఆగితే అది అలెగ్జాండర్ పుస్తకం. ఆ శవానికి స్నానం చేయించేదాకా నడిస్తే అది హోమర్‌ది. మనం రాసుకునే పాటలకూ, మన గాయాల గురించి మనం రాసుకునే కథలకూ ఇదే కొలత పెట్టుకోవాలి. మనవాళ్ల పేర్లు రాయడం మన హక్కు. అవతలివాడి పేరు రాయడానికి హక్కు చాలదు, గుండె కావాలి.

రాత్రి డ్యూటీలో ఇప్పటికీ ఫోను మోగుతుంది. ఇప్పటికీ నోటి చివర 'ఎంతమంది?' అన్న మాటే ఉంటుంది. దాన్ని మింగి 'ఎవరు?' అని అడగడానికి ప్రయత్నిస్తున్నాను. అవతలి వైపు విలేఖరి ఒక్క క్షణం తడబడతాడు. కనుక్కుని చెబుతానంటాడు. ఒక్కోసారి నిజంగానే కనుక్కుని చెబుతాడు.